గుట్టకి మెత్తగా, లైన్లకి గట్టిగా

ఎన్నికలొచ్చాయంటే మా ఆయన నోరు మా ఆయనది కాదు. ఎవరు కిరాయికి తీసుకుంటే వాళ్ళది. నెత్తిన రెండు మైకు గొట్టాలు బిగించిన మూడు చక్రాల బండి ఒకటి ఉంది మాకు. ఆ బండి తోలేదీ ఆయనే, అందులోంచి వినిపించే గొంతూ ఆయనదే. నగరంలో ఏ మూలకెళ్ళినా ఆయన్ని ‘గొట్టం’ అనే పిలుస్తారు. నన్ను గొట్టం భార్య అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఊరందరి కోసం అంత అరిచే మనిషికి ఇంట్లో మాత్రం మాట పెగలదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే తల ఊపుతాడు. ఆ ఊపు అవునో కాదో తెలియాలంటే ఎదురుగా కూర్చుని ఇంకోసారి అడగాలి. “గొంతు దాచుకుంటున్నానే” అంటాడు, అదీ గుసగుసగా. మా సంసారంలో పోట్లాటలన్నీ నేనొక్కదాన్నే ఆడుకున్నాను.

పనిలోకి దిగితే మాత్రం వేరే మనిషి. గొంతు మోగకుండా ఉండాలని బీరువా తలుపు తీసి, వేలాడే నా బట్టల మధ్యకి తల దూర్చి రికార్డు చేస్తాడు. ఒకే అభ్యర్థికి ఒక్కో పేటకి ఒక్కో రికార్డు. ఒకటే ఊరని పేరే గానీ, ఓటు దగ్గరికొచ్చేసరికి ఏ పేటకా పేట వేరే దేశం అంటాడాయన. ఎవరికి వేస్తారన్నదే కాదు, ఎలా వేస్తారన్నది కూడా వేరేనట.

స్టేషను పక్క అద్దెగదుల వాళ్ళకి మంచం ఒక పేటలో, ఓటు ఇంకో పేటలో ఉంటాయి. బస్సు దొరికితే వేస్తారు, దొరక్కపోతే లేదు. కాలేజీల వైపు గదికో నలుగురు ఉంటారు, నలుగురివీ నాలుగు పార్టీలు. తెల్లవార్లూ వాదించుకుని, తీరా పోలింగు నాడు నిద్ర లేవరు. కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే కమిటీ మీటింగు పెట్టి, ఫలానా ఆయనకే వేద్దామని తీర్మానం చేసి, అందరూ చప్పట్లు కొట్టి, లోపలికెళ్ళాక ఎవరికి తోచిన గుర్తు మీద వాళ్ళు ముద్ర వేస్తారు. మేముండే పాత బజారులో ఎవరొచ్చి అడిగినా “తప్పకుండా మీకేనండీ” అంటారు. ఆ మాట విని పొంగిపోయినవాడు ఓడిపోయాడన్నమాటే. బట్టల కొట్ల వరస ఎటు మొగ్గితే ఎదురుగా ఉన్న సామాన్ల కొట్ల వరస అటు మొగ్గదు. కాబట్టి బజారు ఎప్పుడూ సగం సగమే.

ఇక గుట్ట ఉంది. పెద్ద పెద్ద ఇళ్ళు, ఇంటికో కుక్క, ఇంటి ముందు ఒక స్పీడ్ బ్రేకర్. టీవీలో ఎన్నికల చర్చ వస్తే గుట్ట మీది వాళ్ళు భోజనం కూడా మానేసి చూస్తారు. ఓటు విలువ గురించి మన చెవులు చిల్లులు పడేలా చెబుతారు. పోలింగు నాడు సెలవు కదా, కారెక్కి ఊరు దాటిపోతారు. మా ఆయన గుట్టకి వెళ్ళేది ఊరికే, అభ్యర్థి తృప్తి కోసం. అక్కడ మైకు మోగితే కిటికీలు మూసుకోవడం తప్ప తెరుచుకోవడం ఎప్పుడూ లేదు.

ఈసారి ఏ మహానుభావుడు గీశాడో గానీ, వార్డుల గీతలు మార్చి, గుట్టనీ మా బజారునీ మిల్లు లైన్లనీ కలిపి ఒకే వార్డు చేశారు. ఆ వార్డుకి మా వదిన నిలబడింది.

వదిన అంటే మా ఆయనకి అక్క. బట్టల మిల్లు పనివాళ్ళ కోసం రెండు వరసల ఇళ్ళున్నాయి, వాటినే లైన్లంటారు. ఆ లైన్ల చివర కార్పొరేషను వాళ్ళ పిల్లల గది ఉంది. తల్లులు మిల్లుకి పోతూ పసివాళ్ళని అక్కడ వదిలిపోతారు. అక్కడ వదిన ఆయా. ఇద్దర్ని చెరో భుజాన వేసుకుని, మూడోవాడి ఉయ్యాల కాలితో ఊపుతూ, నాలుగోవాణ్ణి కళ్ళతో బెదిరించగలదు. పాత కార్పొరేటరుకి ఆ గది పడగొట్టి బ్యాడ్మింటన్ హాలు కట్టాలని బుద్ధి పుట్టింది. గుట్ట వాళ్ళు అడిగింది కూడా లేదు, వాళ్ళని మంచి చేసుకుందామని ఆయనకే తోచింది. ఆయన్ని అందరూ నవ్వుల సారు అంటారు. ముఖం తీరే అంత. నిద్రపోతున్నా నవ్వుతూనే ఉంటాడట.

“గది పడగొడితే పసివాళ్ళని ఎక్కడ పడుకోబెడతారట? మగ్గాల కిందా?” అని వదిన కార్పొరేషను మెట్ల మీద అడిగింది. తిన్నగా వెళ్ళి నామినేషను వేసేసింది. గుర్తు తాళంచెవి ఇచ్చారు. పోటీ ఇద్దరి మధ్యే. వదిన గెలిస్తే గది ఉంటుంది, ఓడితే పోతుంది. అంతకు మించి ఆ ఎన్నికలో మరో సంగతి లేదు.

చిక్కల్లా మా ఆయన దగ్గర వచ్చింది. వదిన నిలబడకముందే నవ్వుల సారు వచ్చి మాట తీసుకున్నాడు. ఈ పనిలో ఒక కట్టుబాటుంది. ముందు ఎవరికి సరే అంటే చివరి రోజు దాకా వాళ్ళ కేక వేయాల్సిందే. మధ్యలో దిగిపోయిన మైకుబండిని మళ్ళీ ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. అందుకని పొద్దుటి పూట నవ్వుల సారుకి, సాయంత్రం పూట అక్కకి ప్రచారం చేసేలా ఒప్పందం చేసుకున్నాడు. పొద్దున బండికి రెండు పక్కలా, వెనకాలా సారు బొమ్మల గుడ్డలు కడతాడు. సాయంత్రం అవి విప్పేస్తాడు. వదినకి బొమ్మలు వేయించే స్తోమత లేదు, ఉన్నదల్లా తమ్ముడి గొంతే.

“పొద్దున నా గది కూల్చమని అరిచి, సాయంత్రం నిలబెట్టమని అరుస్తావట్రా?” అని వదిన నిలదీసింది.

“అక్కా, పొద్దున అరిచేది బండి. సాయంత్రం అరిచేది నేను.”

“నాకు రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి మరి.”

బజారు వాళ్ళకైతే మంచి కాలక్షేపం దొరికింది. బండి ఆపి, “ఏం గొట్టం, ఇప్పుడెవరికి వేయమంటావు?” అని అడిగేవారు. “టైమెంతయింది?” అనేవాడు మా ఆయన. నాలుగు దాటిందంటే, “అయితే మా అక్కకి” అనేవాడు.

వదిన కోసం మూడు రికార్డులు చేశాడు. గుట్టకి మెత్తగా: “మీ విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు మన్నించండి” అంటూ. బజారుకి బేరాలు ఎలా ఉన్నాయని పలకరిస్తూ. లైన్లకి గట్టిగా. ఎందుకంటే లైన్లలో వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా రక్తం ఉడకాలి. మూడింట్లోనూ అభ్యర్థి పేరూ గుర్తూ చివర్నే వస్తాయి. అది ఆయన పద్ధతి. పేరు ముందే చెప్పేస్తే ఇంక వినడానికేముంటుంది, కిటికీ మూసేస్తారంటాడు.

ప్రచారానికి ఆఖరి సాయంత్రం. నేను కర్టెన్లు కుడతాను, ఆ రోజు గుట్ట మీద డాక్టరమ్మ గారింట్లో స్టూలెక్కి కర్టెన్లు తగిలిస్తున్నాను. దూరాన్నించి మా బండి వినిపించింది. “మీ విశ్రాంతికి భంగం” అని మెత్తగా మొదలుపెట్టాడు. బాగానే ఉంది అనుకున్నాను. ఇంతలో బండి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. మా ప్లేయరు పాతది. దెబ్బ తగిలితే తర్వాతి దాని మీదికి దూకుతుంది. ఏ రికార్డు మీదికి దూకిందో మరుక్షణం గుట్టంతా వింది.

“అమ్మలారా, అయ్యలారా, ఒక్కసారి ఆ గుట్ట వైపు చూడండి. అక్కడ కుక్కకి ఏసీ గది. మన పిల్లల ఫ్యానుకి రెక్క లేదు. వాళ్ళకి ఓటున్న సంగతి వాళ్ళకే గుర్తు లేదు. ఎండలో నిలబడితే కరిగిపోతారు పాపం. పోలింగు నాడు వాళ్ళు దుప్పటి తీసేలోపు మనం ఓటేసి, ఇంటికొచ్చి, తిని పడుకుంటాం.”

అది లైన్ల కోసం చేసిన రికార్డు. డాక్టరమ్మ కుక్క వైపు చూసింది. కుక్క ఏసీ వైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ నా వైపు చూసి, “మా కుక్క గదిలో ఏసీ ఉందని వీళ్ళకెవరు చెప్పారు?” అంది. నేను కర్టెను వదిలేసి, మెడలో కొలత టేపుతో వీధిలోకి పరిగెత్తాను.

బయట ప్రతి కిటికీ తెరుచుకుంది. బాల్కనీల నిండా జనం. ఇంటికో స్పీడ్ బ్రేకర్ ఉంది కదా, ఆ రికార్డు తర్వాత ఇంకోటి లేదు, అందుకని ప్రతి దెబ్బకీ ప్లేయరు దాన్నే మళ్ళీ మొదట్నించి అందుకుంటోంది. కుక్క వస్తోంది, ఫ్యాను వస్తోంది, కరిగిపోవడం వస్తోంది, దుప్పటి వస్తోంది, వదిన పేరు మాత్రం రావడం లేదు. పేరొచ్చే లోపల ఇంకో స్పీడ్ బ్రేకర్ వస్తోంది.

మరి ఈ మహానుభావుడికి వినపడదా అంటే, వినపడదు. రోజంతా నెత్తి మీద గొట్టాలు మోగుతుంటే చెవులుంటాయా? మైకుబండ్ల వాళ్ళంతా చెవుల్లో దూది కుక్కుకుంటారు. జనం ముఖాలు చూసి, రికార్డు ఎలా పనిచేస్తోందో తెలుసుకుంటారు. గుట్ట మీద కిటికీలు తెరుచుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆనందం పట్టలేక బండి వెనక్కి తిప్పి, ఇంకో చుట్టు, ఈసారి ఇంకా నెమ్మదిగా తిరిగాడు. నేను చేతులూపుతూ వెంటబడితే నాక్కూడా చేయి ఊపాడు. ఒక బాల్కనీలో ముసలి జడ్జిగారు కోపంతో చేతికర్ర పైకెత్తితే ఆయనకి వంగి నమస్కారం పెట్టాడు.

గుట్ట దిగువన దొరకబుచ్చుకుని, ఒక చెవిలో దూది పీకాను. సొంత గొంతు సొంత చెవిన పడింది. కరిగిపోతారు పాపం, అంటోంది. ఆయన ప్లేయరు నోరు నొక్కి, దిగి, కాళ్ళీడ్చుకుంటూ బండి వెనక్కి వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. ఏమిటా అని నేనూ వెళ్ళాను. పక్కల గుడ్డలు విప్పాడు గానీ, తొందరలో వెనకాలది మరిచిపోయాడు. బండి వెనక నవ్వుల సారు బండి వెడల్పంత బొమ్మలో నవ్వుతున్నాడు. అంటే, ఆ తిట్లన్నీ తిట్టించుకున్న ప్రతి ఇంటి ముందునుంచీ ఆఖర్న ఆ నవ్వు వెళ్ళిందన్నమాట.

“ఏమండీ, మీరు కొంప ముంచారా, నిలబెట్టారా?”

“తెలీట్లేదే” అన్నాడు.

ప్రచారం గడువు అప్పటికే దాటింది. ఇంక మైకు ముట్టుకుంటే కేసు. నవ్వుల సారుకి సంగతి తెలిసి లబోదిబోమంటూ గుట్టెక్కాడు. ఇంటింటికీ వెళ్ళి ఆ మాటలు తనవి కావని చెప్పుకున్నాడట. నిజంగానే చెప్పుకున్నాడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడంటారు. కానీ ఆ ముఖంతో చెబితే ఎవరు నమ్ముతారు? “అన్నది అని, మళ్ళీ ఇంటికొచ్చి వెక్కిరిస్తావా?” అని జడ్జిగారు గేటు వేసేశారు. పాపం అనిపించింది నాకు. అనిపించినా నోరు మెదపలేదు. ఆయన గెలిస్తే ఆ గది పోతుంది.

పోలింగు నాడు, వార్డంతా ఓటేసే లైన్ల బడి దగ్గర గుట్ట వాళ్ళ కార్లు ఆగాయి. జనం చుట్టూ చేరి, సినిమా షూటింగు అనుకున్నారు. టోపీలు, నల్ల కళ్ళద్దాలు, మడత కుర్చీలు. డాక్టరమ్మ కుక్కని కూడా తెచ్చింది. ఒకావిడ నా దగ్గరికొచ్చి, “ఇక్కడ క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడడమేనా?” అని మర్యాదగా అడిగింది. ఎండ మాడిపోతోంది. ఎవరో జాలిపడి వాళ్ళని నీడలోకి రమ్మన్నారు. జడ్జిగారు చేతికర్ర నేలకి కొట్టి, “అక్కర్లేదు, మేం కరగం” అన్నారు. ఒక్కరు కూడా కదల్లేదు. కుక్క మాత్రం నీడలోకి వెళ్ళి పడుకుంది.

వదినకి ఈ కథేమీ తెలియదు. ఆ క్యూ చూసి మెట్ల మీద చతికిలబడింది. “అయిపోయిందే అమ్మాయ్. పుట్టినప్పట్నించీ ఓటేయని వాళ్ళు బ్యాడ్మింటన్ కోసం కదిలొచ్చారు. రేపట్నించి నా పిల్లలకి ఇంక గది లేదు” అంది. మా ఆయన చెప్పేద్దామని నోరు తెరిచాడు. నేను నడుం మీద గట్టిగా గిల్లాను. మూసేశాడు.

లెక్కింపు రోజున బజారు ఎప్పట్లాగే సగం సగం పోయింది. గుట్ట పెట్టెలు తెరిచేసరికి తాళంచెవి తప్ప ఇంకేమీ కనపడలేదు. వదిన గెలిచింది. నవ్వుల సారు ఓడిపోయినవాడిలాగే లేడు, వెళ్ళేవాళ్ళందరూ ఆయనకే అభినందనలు చెప్పి చేయి కలిపారు.

వదిన కళ్ళొత్తుకుంటూ, “గుట్ట వాళ్ళని ఎన్ని మాటలన్నానే. చూడు, పిల్లలంటే ఎంత ప్రాణమో వాళ్ళకి” అంది. ఆ సాయంత్రమే గుట్టెక్కి ఇంటింటికీ దండం పెట్టుకొచ్చింది. వాళ్ళకేమీ అర్థం కాకపోయినా బాగా సంతోషించారట. డాక్టరమ్మ అయితే పిల్లల గదికి ఫ్యాను పంపిస్తానంది, మూడు రెక్కలతో. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. కార్పొరేషను గుమాస్తా ఎవరో పుణ్యం కట్టుకోవడానికి, ఏ పెట్టెలో ఎవరికెన్నో వదినకి విడమరిచి చెప్పాడు. మొదటి లైను వదినకి పడింది, అక్కడే ఆమె ఇల్లు. రెండో లైను మొత్తం నవ్వుల సారుకి పడింది. రెండు లైన్లకీ మధ్య కుళాయి ఒక్కటే ఉంది, దాని మీద తాతల నాటి తగాదా. ఒక లైను మనిషికి ఇంకో లైను వేయదు, అక్కడి మిల్లు మేస్త్రీ ఎటు చూపిస్తే అటే. అది లోకమంతటికీ తెలుసు, వదినకి తప్ప. ఎందుకంటే ఆమె గదిలో పిల్లల్లో సగం మంది రెండో లైను వాళ్ళే. తల్లులు కుళాయిని చూసుకుంటారా, పిల్లల్ని చూసుకుంటారా అని ధీమాగా ఉంది. అది విన్నాక గెలిచిన మనిషి అన్నం కూడా ముట్టలేదు. నాకు రెండో లైను మీద పట్టరాని కోపమొచ్చింది. ఎవరి బిడ్డల గుడ్డలు ఈవిడ ఉతికిందో మరిచిపోతారా అని.

మర్నాడు పొద్దున్నే ఉయ్యాల గుడ్డలు కుట్టి ఇద్దామని నేనూ పిల్లల గదికి వెళ్ళాను. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. రెండో లైను నుంచి ఒక తల్లి, చంకన బిడ్డతో, జుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది. ముఖంలో ఏ తేడా లేదు. ఎప్పట్లాగే బిడ్డని అందించబోయింది. వదిన చేతులు చాపలేదు.

“మీ లైనంతా నవ్వుల సారుకి వేసిందటగా.”

“అవునక్కా, మేస్త్రీ చెప్పాడు. మొదటి లైను మనిషికి వేస్తే కుళాయి దగ్గర మాటలు పడాలి కదా.”

“నేను ఓడిపోతే ఈ గది ఉండేది కాదు. అప్పుడు వీణ్ణెక్కడ పెట్టేదానివే?”

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. అలాంటి ప్రశ్న తనని ఎవరూ అడగనట్టుంది.

“నువ్వుంటావు కదక్కా” అంది. “గది లేకపోతే మీ ఇంటికి తెచ్చేదాన్ని.”

మిల్లు కూత వినిపించింది. ఆ పిల్ల బిడ్డని వదిన చేతుల్లో పెట్టేసి పరిగెత్తింది. నేనేదో గట్టిగా అనబోయాను, వదిన వద్దని తల అడ్డంగా ఊపింది. ముక్కు ఎగబీల్చి, బిడ్డని ఎడమ భుజానికి మార్చుకుంది. వీధి మలుపులో రెండో లైను తల్లి ఇంకొకామె బిడ్డనెత్తుకుని పరుగున వస్తోంది. వదిన కుడిచేయి చాచింది.